అడ్డాకు మధ్యలో ఆ చీలిక ఎందుకుంది?

ఒకప్పుడు అడ్డాకుకి మధ్యలో చీలిక ఉండేది కాదు. చేటంత వెడల్పుగా, నిండుగా, గుండ్రంగా ఉండేది. ఒక్క ఆకు తెంపి పరుచుకుంటే చాలు, అన్నం, కూర, పచ్చడి అన్నీ దాంట్లోనే పట్టేవి. పులుసు పోసినా కారేది కాదు.

ఆ రోజుల్లో ఆకులు మాట్లాడేవి. గాలి, వాన, కట్టుకునే గుడ్డలు కూడా మాట్లాడేవి. ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. కాసేపు నోరు మూసుకుంటే బాగుండును అనుకునేవాళ్లు, అంతే.

వాటన్నిటిలోకీ ఎక్కువ మాట్లాడేది ఒక పెద్ద అడ్డాకు. కొండ మలుపులో ఒక ఇప్పచెట్టు ఉండేది. దాని మీదికి పాకిన అడ్డతీగకి పుట్టిన ఆకు అది.

"నన్ను చూడండి," అనేది పొద్దున్న లేస్తూనే. "ఎటునుంచి ఎటు కొలిచినా ఒకటే కొలత! చంద్రుడు గుండ్రం అంటారు గానీ, ఆయన నెలకి ఒక్కరోజే గుండ్రం. నేను రోజూ!"

పక్కనే ఉన్న టేకాకుని పురుగులు తిని జల్లెడ చేసేశాయి.

"నీకెన్ని చిల్లులున్నాయి అక్కా? లెక్కపెట్టనా?"

"పెట్టుకో. నీకు వేరే పనేముంది?" అనేది టేకాకు.

వెదురాకుని కూడా వదిలేది కాదు. "తమ్ముడూ, నువ్వు ఆకువా, గడ్డిపోచవా? ఒకటి తేల్చుకో."

గాలి అటుగా వచ్చినప్పుడల్లా మర్యాదగా అడిగేది. "కొంచెం దారి ఇస్తావా?"

"చుట్టూ తిరిగి పో. నా మధ్యలోంచి నీకు దారి లేదు. చీమ దూరే సందు కూడా లేదు నాలో!"

తల్లి తీగ అంతా వింటూ ఉండేది. "ఎందుకే అన్ని గొప్పలు? నువ్వు గుండ్రంగా ఉంటే ఎవరి కడుపు నిండుతుంది?" అనేది. ఆకు వినిపించుకునేది కాదు.

*

కొండకి ఇవతలి ఊళ్లో సొంబారి అనే అమ్మ ఉండేది. సోమవారం పుట్టింది కాబట్టి సొంబారి. ఆమెకి శుక్రవారం నాడు కూతురు పుట్టింది కాబట్టి ఆ పాప సుక్రి. సుక్రికి మూడో నెల. మొహంలో సగం బుగ్గలే. మిగతా సగంలో కళ్లు, నోరు సర్దుకున్నాయి. ముక్కు మాత్రం కందిగింజంత.

కొండకి అవతలి ఊళ్లో సొంబారి తల్లి బుద్రి ఉండేది. మోకాళ్లు వాచి కొండ ఎక్కలేక, మనవరాలి మొహం ఇంకా చూడలేదు. సంతకి వెళ్లేవాళ్ల చేత తన పాత నూలు చీర ఒకటి పంపించింది. "దీంతో కట్టుకుని నా మనవరాలిని తీసుకురా," అని కబురు పెట్టింది.

ఆ కొండ ఊళ్లలో ఒక ఆచారం ఉండేది. పాప మొదటిసారి అమ్మమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు, అమ్మమ్మ పంపిన చీరతోనే తల్లి పాపని వీపుకి కట్టుకోవాలి. ఆ ముడిని అమ్మమ్మే తన చేత్తో విప్పాలి. దారిలో ఎవరూ విప్పకూడదు. ముడి విప్పి పాపని అందుకోవడం అమ్మమ్మకి పండగ. సొంబారి వదిన ఒకామె దారిలో దురద పుట్టి ముడి విప్పేసిందట. ఆ ఏడాదంతా ఊళ్లో ఆమె కనపడితే చాలు, "దురద తగ్గిందా వదినా?" అని అడిగేవాళ్లు.

ఆ రోజు పొద్దున్న సొంబారి సుక్రికి కడుపు నిండా పాలిచ్చింది. చీరని మడత పెట్టి, పాపని వీపు మీద పడుకోబెట్టుకుని, చీర కొసల్ని భుజం మీంచి, చంక కిందినుంచి తెచ్చి రొమ్ము మీద గట్టిగా ముడి వేసింది.

అత్త గురువారి గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూసింది. "ఏటే సొంబారీ, మబ్బు పట్టింది, కనపడ్డం లేదా? రేపెళ్లొచ్చు కదా."

"రేపు కూడా మబ్బు పడుతుంది అత్తా. ఎల్లుండి కూడా పడుతుంది. ఇది వానాకాలం."

"అయితే వానాకాలం అయ్యాక వెళ్లు."

"అప్పటికి నీ మనవరాలు నడిచి వెళ్తుంది. ఇంక ముడి ఎందుకు, అమ్మమ్మ ఎందుకు?"

అత్తకి నవ్వొచ్చింది. కానీ నవ్వకుండా, "పాప మీద ఒక్క చుక్క పడిందో, నేనే వచ్చి మీ అమ్మతో చెప్తాను నీ సంగతి," అంది. సుక్రి పాదాలు పైకి తేలి ఉంటే వాటిని చీర లోపలికి తోసి, రెండింటినీ ఒకసారి నిమిరింది.

"పడదు అత్తా. ఒక్క చుక్క కూడా పడనివ్వను."

సొంబారి బయల్దేరింది. పాప ఒక నిద్ర తీసి లేచేలోపు చేరిపోయే దారే అది.

*

కొండ మలుపు దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. మొదట తుంపర. తర్వాత జల్లు. తర్వాత ఇంక ఆగేది లేదన్నట్టు కుండపోత.

"అయ్యో వానమ్మా, కాసేపు ఆగకూడదూ?" అంది సొంబారి.

"నేనెలా ఆగుతానే? కిందికి దిగడమే గానీ నిలబడ్డం నాకు రాదు," అంది వాన. అది నిజమే.

సొంబారి పరుగెత్తి ఇప్పచెట్టు కిందికి వెళ్లింది. తలెత్తి చూస్తే అడ్డతీగ. చెట్టునీ తీగనీ అడక్కుండా ఆకు తెంపడం ఆ కొండవాళ్లకి అలవాటు లేదు.

"తల్లీ, ఒక్క ఆకు ఇస్తావా? పాప తడిసిపోతోంది."

"తీసుకోవే బిడ్డా," అంది తీగ. "ఆ పెద్దదాన్ని తీసుకో. ఉత్త మాటలు చెప్పి చెప్పి దానికీ విసుగు పుట్టి ఉంటుంది."

"నన్నా?" అంది పెద్దాకు. "ఇన్ని ఆకులుండగా నన్నే ఎందుకు?"

"నువ్వేగా అందరికంటే వెడల్పు?"

ఆ మాట వినగానే ఆకు ఇంక పేచీ పెట్టలేదు. టుక్కున తెగి సొంబారి చేతికి వచ్చేసింది.

సొంబారి దాన్ని వెనక్కి తిప్పి సుక్రి తల మీద కప్పింది. గాలి ఎత్తుకుపోతుందేమోనని ఆకు అంచుల్ని అటూ ఇటూ చీర లోపలికి దోపింది. కింది కొసని కూడా లోపలికి నెట్టింది. చేత్తో తడిమి చూసుకుంది. ఎక్కడా సందు లేదు. ఒక్క చుక్క కూడా పడే వీలు లేదు. 'అత్త వచ్చి చూసుకోవచ్చు ఇప్పుడు,' అనుకుని గబగబా నడిచింది.

ఆకుకి ఆనందం పట్టలేదు. వాన చుక్కలు దాని మీద పడి టపటపమంటూ జారిపోతున్నాయి.

"ఏం వానమ్మా, అలిసిపోయావా?" అని అడిగింది.

"లేదు," అంది వాన.

"నేనూ అలిసిపోలేదు. ఇంకా గట్టిగా పడు, చూద్దాం!"

కింద అమ్మమ్మ చీర సణిగింది. "ఎవరితోనే పందాలు? నీకేం, నీ మీంచి నీళ్లు జారిపోతాయి. నేను నూలు చీరని. తాగేస్తాను. ఇప్పటికే బరువు రెండింతలయ్యాను. తడిసిన కొద్దీ సాగుతున్నాను, కిందికి జారుతున్నాను."

"నువ్వు ముసలిదానివి కదా చీరత్తా. అందుకని జారుతున్నావు."

"ముసలిదాన్నే. సొంబారిని కూడా నేనే మోశాను. కాబట్టి నేను చెప్పేది విను. నేను జారితే పాప కూడా నాలోకి జారుతుంది. జారిందా, గడ్డం తన రొమ్ముకే ఆనుకుంటుంది. కాస్త లోపలికి తొంగి చూడు, పాప ఎలా ఉందో?"

ఆకు తొంగి చూడక్కర్లేదు. పాప మొహం దాని కిందే ఉంది. ఇంతసేపూ పైన పడే చుక్కల్నే చూసుకుంటూ, కింద ఉన్న పాపని చూడటం మర్చిపోయింది.

ఇప్పుడు చూసింది.

సుక్రి ముడుచుకుపోయి ఉంది. గడ్డం రొమ్ముకి ఆనుకుంది. తడిసిన చీర అంచు పైకి వచ్చి నోటికి అంటుకుంది. దాని మీద ఆకు మూతలా బిగుసుకుని ఉంది. కందిగింజంత ముక్కు గాలి కోసం చిన్నచిన్నగా అదురుతోంది. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే పెదవులు పాలిపోతున్నాయి.

ఏడుపు లేదు. ఏడవడానికి గాలి కావాలి కదా.

"సొంబారీ!" అని అరిచింది ఆకు. "సొంబారీ, ఆగు! పాపని చూడు!"

చీర కూడా అరిచింది. కానీ వాన హోరు. దానికి తోడు పక్కనే కొండవాగు, ఆ గెడ్డ, పొంగి ఉరుకుతోంది. సొంబారికి ఒక్క మాట కూడా వినపడలేదు. మనిషికి తన వీపు కనపడదు. పాప కదలకపోతే, 'ఎంత బుద్ధిగా నిద్రపోతోందో నా తల్లి,' అనుకుంది. ఒక చేయి వెనక్కి పెట్టి పాప పిర్రల మీద జోకొట్టింది. అడుగు ఇంకా జోరు చేసింది.

"చీరత్తా, ఏం చేద్దాం? నేను ఎగిరిపోనా?"

"ఎలా ఎగురుతావు? నీ అంచులన్నీ నాలో దోపింది. ఎగిరినా వాన పాప మొహం మీదే పడుతుంది. తడిగుడ్డ మీద ఇంకా నీళ్లు పడితే మరీ ప్రమాదం."

"అయితే నువ్వు ముడి జారిపో."

"పాప కింద పడుతుంది. పక్కన గెడ్డ చూశావా?"

ఆకు వణికింది. గాలి కనపడింది.

"గాలన్నా! గాలన్నా! లోపలికి రా! పాపకి ఊపిరి కావాలి!"

గాలి ఆకు చుట్టూ గిరగిరా తిరిగింది. అంచుల దగ్గర వెతికింది. కొస దగ్గర వెతికింది. చివరికి దిగులుగా, "ఎటునుంచి రమ్మంటావు? నీలో చీమ దూరే సందు కూడా లేదని నువ్వే చెప్పావుగా," అంది. ఎగతాళికి అనలేదు. నిజంగానే దారి లేదు.

ఆకు ఒకసారి పాప వైపు చూసింది. ముక్కు అదరడం తగ్గిపోతోంది.

"దారి చెయ్యి," అంది ఆకు.

"ఏంటి?"

"నన్ను కొట్టు. నా కొస దగ్గర, నడిమధ్యలో, నీకెంత బలముంటే అంత బలంగా కొట్టు. నేను బిగబట్టుకోను. చీలిపోతాను."

గాలి వెనకాడింది. "నీకు నొప్పి పుడుతుంది."

"పుట్టనీ."

"తర్వాత అతికించడం నాకు రాదు. ఇంకెప్పటికీ నువ్వు ఇలా ఉండవు."

"పాప ఉంటుంది కదా! మాట్లాడకు, కొట్టు!"

గాలి వెనక్కి వెళ్లింది. గెడ్డ మీంచి పరుగెత్తుకొచ్చి ఒక్క దెబ్బ కొట్టింది.

చర్ర్ మని కొస దగ్గర ఆకు చీలింది. కొంచెమే. చాల్లేదు.

"ఇంకా!" అంది ఆకు. పళ్లుంటే బిగబట్టుకునేది.

గాలి మళ్లీ కొట్టింది. కొస నుంచి లోపలికి, పాప ముక్కు దాకా, ఆకు రెండుగా విచ్చుకుంది. ఆ సందులోంచి చల్లటి గాలి లోపలికి దూరింది. ఆ గాలి ఊపుతో చీర తన అంచుని కిందికి లాక్కుని పాప నోటి మీంచి తొలిగింది. గాలి వెంట ఒక అల్లరి చుక్క కూడా దూరి సుక్రి ముక్కు కొన మీద పడింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు.

"హాచ్!" అంది సుక్రి.

తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చింది. పీల్చినదంతా ఏడుపు చేసి వదిలింది. అబ్బో, అది మామూలు ఏడుపా! వాన ఉలిక్కిపడింది. గెడ్డ అవతల మేకలు తలలెత్తి చూశాయి. పెదవుల్లోకి రంగు తిరిగి వచ్చింది.

"ఏడువమ్మా, బాగా ఏడువు!" అని చీర మురిసిపోయింది. "ఏడుపు ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలీదే," అంది ఆకు.

*

సొంబారి ఆగిపోయింది. "ఏమైందే బుజ్జీ? ఏమైంది నా తల్లికి?"

దగ్గర్లో ఒక పెద్ద బండ పైకప్పులా ముందుకు వచ్చి ఉంది. దాని కిందికి వెళ్లింది. ఇప్పుడామెకి చీర మాట, ఆకు మాట, గాలి మాట మూడూ ఒకేసారి వినిపించాయి. ఎవరు ఏం చెప్తున్నారో తెలియలేదు గానీ, 'ఊపిరి' అన్న మాట తెలిసింది.

చేయి ముడి మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఇది అమ్మ విప్పాల్సిన ముడి. మూణ్నెల్లుగా అమ్మ ఎదురుచూస్తున్న ముడి. ఊళ్లో ఇంక తననేమని పిలుస్తారో!

వీపు మీద సుక్రి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిలిస్తే పిలవనీ," అంది సొంబారి. ముడి విప్పేసింది.

పాపని ముందుకి తిప్పుకుంది. నోరు తుడిచింది. ముక్కు తుడిచింది. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహం పైకెత్తింది. సుక్రి ఏడుపు మధ్యలోనే అమ్మని గుర్తుపట్టి, సగం ఏడుపు, సగం నవ్వు కలిపి ఒక వింత మొహం పెట్టింది. సొంబారి ఆ మొహానికి ముద్దులు పెట్టి పెట్టి, తనూ ఏడ్చింది.

"ఒక్క చుక్క పడకూడదని చూశానే గానీ, నీకు గాలి ఆడుతోందో లేదో చూడలేదు కదే!" అంది. చెల్లెలికి చెప్పుకున్నట్టు ఆకుతో అంది, "నేను చూడని చోట నువ్వు చూశావు."

"నేనూ ఆలస్యంగానే చూశాను అక్కా," అంది ఆకు.

చీరని పిండింది. దులిపింది. పాపని ఈసారి వీపుకి కాదు, రొమ్ముకి కట్టుకుంది. జారిపోకుండా ఎత్తుగా, బిగువుగా కట్టింది. తల వంచితే పాప నుదుటికి ముద్దు పెట్టేంత దగ్గరగా. పాదాలు పట్టుకుని చూస్తే చల్లగా ఉన్నాయి. తన కొంగు పొడిగా ఉన్న చోట చింపి వాటికి చుట్టింది. ఆకుని తలకి గొడుగులా పట్టింది. చీలిక మాత్రం సరిగ్గా సుక్రి ముక్కుకి ఎదురుగా ఉంచింది. ఆ సందులోంచి సుక్రి ఒక కన్నుతో వానని చూస్తూ, మిగతా దారంతా ఉంగా ఉంగా అని కబుర్లు చెప్పింది.

*

బుద్రి గుమ్మంలోనే కూర్చుని ఉంది. కూతురు రొమ్ముకి కట్టుకుని రావడం దూరం నుంచే చూసింది. ముడి ఉన్న చోటు చూసింది. సొంబారికి ఆ చూపు వానకంటే చలి పుట్టించింది.

"నా ముడి ఎవరు విప్పారే?" అంది బుద్రి.

"నేనే అమ్మా." సొంబారి జరిగిందంతా చెప్పింది. వీపు మీద పాపకి ఊపిరాడకపోవడం, ఆకు చీలడం, తుమ్ము, అన్నీ. "నీ పండగ పాడు చేశాను."

బుద్రి వాచిన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పిచ్చిదానా, ముడి విప్పి లోపల నీలిరంగు పాపని అందుకుంటే, అది పండగా?" అంది. కసురుతున్నట్టే అంది గానీ కూతురి తడి జుట్టుని తన కొంగుతో తుడిచింది. "నీకు ఏడుపు వినపడి కూడా ముడి కోసం ఆగి ఉంటే, నేను నీతో జన్మలో మాట్లాడేదాన్ని కాదు. ఇంక నుంచి ఈ కొండ ఊళ్లలో దారిలో ముడి విప్పిన తల్లిని ఎవరైనా ఎగతాళి చేశారో, నా దగ్గరికి పంపించు."

తర్వాత మనవరాలిని తీసుకుంది. సుక్రి అమ్మమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగింది. "అబ్బ! ముక్కు విలువ దీనికి బాగా తెలిసిపోయింది," అంది బుద్రి. తల్లీ కూతుళ్లు ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆకు ఒక మూల ఒదిగి ఉంది. రెండు చెక్కలైన తనని ఎవరైనా చూస్తారేమోనని ముడుచుకుంది. బుద్రి దాన్ని చేతిలోకి తీసుకుని, తడి తుడిచి, పొయ్యికి మరీ దగ్గర కాకుండా, వెచ్చగా ఉండే చోట గోడకి ఆనించింది.

"ఇంత అందమైన ఆకుని నేను చూడలేదు," అంది. మాట వరసకి అనలేదు. అందుకే ఆకుకి ఏం చెప్పాలో తోచలేదు. పుట్టాక మొదటిసారి మాట్లాడకుండా ఊరుకుంది.

*

వాన వెలిశాక సొంబారి తిరిగి వస్తూ ఇప్పచెట్టు దగ్గర ఆగింది. ఆకుని తీగ మొదట్లో పెట్టి నమస్కారం చేసి వెళ్లింది.

మిగతా ఆకులన్నీ తొంగి చూశాయి. "అయ్యయ్యో, చిరిగిపోయి వచ్చింది!" అని గోల చేశాయి. కానీ గాలి అప్పటికే కొండంతా తిరిగి కథ చెప్పేసింది. తీగ కథంతా వింది.

"బిడ్డల్లారా, ఇక మీరందరూ మధ్యలో సందుతో పుట్టాలి," అంది.

"మేమెందుకమ్మా?" అన్నాయి ఆకులు. "సొంబారికి ఇవ్వడానికి ఒక్క చీలిన ఆకు చాలదా?"

"ఈ కొండ మీద ఇంకా ఎంతమంది పాపలు పుడతారో మీకు తెలుసా?"

"తెలీదు."

"వాళ్లలో ఎవరు ఏ రోజున వానలో చిక్కుకుంటారో తెలుసా?"

"తెలీదు."

"వాళ్ల అమ్మ పైకి చెయ్యి చాపితే, మీలో ఏ ఆకు అందుతుందో తెలుసా?"

ఆకులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"ఏదైనా అందొచ్చు," అంది అన్నిటికంటే చిన్న చిగురు.

"అదీ సంగతి. ఒక్కదానికి సందు ఉండి, మిగతా అన్నిటికీ లేకపోతే, ఆ ఒక్కటి అందని పాప మాటేమిటి?"

చిన్న చిగురు అందరికంటే ముందు కొస దగ్గర విచ్చుకుంది. దాని పక్క చిగురు విచ్చుకుంది. మళ్లీ వానలకి ఆ కొండ మీద, ఆ పక్క కొండ మీద, అడ్డతీగ పాకిన ప్రతి చెట్టు మీదా, కొత్తాకులన్నీ అలాగే పుట్టాయి.

అప్పటినుంచే అడ్డాకు కొస నుంచి లోపలికి చీలి, రెండు చెక్కలుగా ఉంటోంది. ఈసారి ఎక్కడైనా ఆ ఆకు కనపడితే చీలిక దగ్గర నీ చిటికెన వేలు పెట్టి చూడు. అక్కడినుంచి గాలి ఎంత సులువుగా వస్తుందో తెలుస్తుంది. మూణ్నెల్ల పాప ఊపిరి పీల్చుకోవడానికి ఆ సందు చాలు.